ఆదోని కోట, అళియ రామరాయలు, నేను ఓడిపోయిన ఆట

మా నాన్న ఆదోని పత్తి మార్కెట్ యార్డు దగ్గర ఒక కమీషన్ అంగట్లో లెక్కలు రాస్తాడు. జేజినాయన, అవ్వ ఉండేది ఎమ్మిగనూరులో. మధ్యలో ముప్పై కిలోమీటర్లు. చిన్నప్పటి నుంచి నా సెలవులన్నీ ఆ రెండు ఊర్ల మధ్య బస్సులోనే గడిచాయి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి తెలుగు చదవగలను గానీ, రాయాలంటే ఒత్తుల దగ్గర చెయ్యి ఆగుతుంది. మన క్లబ్ వాళ్ళు ఈ సంచికకి ఎవరైనా పాతకాలపు ప్రముఖుడి జీవితం రాయమన్నప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది అళియ రామరాయలు. చరిత్ర మీద ప్రేమతో కాదు. హాస్టల్‌లో ఒక గేమ్‌లో నేను చిత్తుగా ఓడిపోయాను, అందుకు.

ఆ గేమ్ పేరు సివిలైజేషన్. ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. ఇది చదరంగం లాగా వంతులవారీగా ఆడే ఆట. నీకు ఒక చిన్న ఊరు ఇస్తారు. దాన్ని రాజ్యంగా పెంచాలి. కొత్త ఊర్లు కట్టాలి, పక్కవాళ్ళవి గెలవాలి. అది విస్తరణ. ఊర్లు పెరిగితే సైన్యానికీ కట్టడాలకీ ఖర్చు పెరుగుతుంది, ఖజానా చూసుకోవాలి. అది ఆర్థికం. చుట్టూ ఉన్న రాజులతో స్నేహాలు, ఒప్పందాలు, బెదిరింపులు నడపాలి. అది దౌత్యం. మూడింటిలో ఏ ఒక్కటి ఎక్కువైనా మిగతా రెండూ దెబ్బతింటాయి. మేం నలుగురం ఒకే ల్యాప్‌టాప్ మీద, ఒకరి వంతు అయ్యాక ఇంకొకరికి జరుపుకుంటూ, మూడు వారాంతాలు ఆడాం.

నా ప్లాన్ చాలా సింపుల్. ఆ సమయానికి ఎవడు అందరికంటే బలంగా ఉన్నాడో చూడు. మిగతావాళ్ళతో కలిసి వాణ్ణి తగ్గించు. తర్వాత మళ్ళీ చూడు. మొదట అనంతపురం వాడు బలంగా ఉంటే, చీరాల వాడితో కలిసి వాడి ఊర్లు రెండు తీసుకున్నా. తర్వాత తుని వాడు లేస్తే అనంతపురం వాడినే కలుపుకొని వాణ్ణి దించా. ప్రతిసారీ నాకు కొంచెం భూమి, కొంచెం బంగారం మిగిలేవి. చీరాల వాడు మొదటి నుంచీ నా పక్షమే. వాడికి గుర్రాలు లేకపోతే నేనే ఇచ్చేవాణ్ణి. కాకపోతే ప్రతిసారీ రెట్టింపు ధర అడిగి, మిగతా ఇద్దరి ముందు వాడి మీద జోకులు వేసేవాణ్ణి. మూడో ఆదివారం రాత్రి, నేను సగం మ్యాప్ నా రంగులో చూసుకొని మురిసిపోతున్నప్పుడు, ఒకే రౌండ్‌లో ముగ్గురూ నా మీద యుద్ధం ప్రకటించారు. చీరాల వాడు కూడా. రెండు గంటల్లో నా రాజధాని పోయింది. నాకు కోపం వచ్చింది, వాణ్ణి నమ్మకద్రోహి అని తిట్టాను. నాలుగు రోజులు ఒకే రూమ్‌లో ఉండి కూడా మాట్లాడుకోలేదు. తర్వాత దసరా సెలవులు వచ్చాయి, ఇంటికి పోయాను.

జేజినాయన ఒకప్పుడు ఎమ్మిగనూరులో మగ్గం నేసినవాడు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం గురించి, ఆ రోజుల్లో ఎమ్మిగనూరు బట్టకి ఉన్న పేరు గురించి ఎప్పుడూ చెప్తుంటాడు. నా గొడవ అంతా విని ఆయన నవ్వి, మీ ఆదోని కోట కూడా ఇట్లాంటి ఆటలోనే పోయింది కదా, రామరాజు సంగతి చదువుకోపో అన్నాడు. అప్పుడే రాబర్ట్ స్యూయెల్ 1900లో అచ్చువేసిన ఎ ఫర్గాటెన్ ఎంపైర్ పుస్తకం ఫోన్‌లోకి దించుకున్నాను. చదువుతుంటే నా గేమ్ సేవ్ ఫైల్‌ని నాలుగున్నర వందల ఏళ్ళ కింద ఇంకెవరో ఆడినట్టు అనిపించింది.

రామరాయలు ఆరవీటి వంశం వాడు. మా జిల్లాతో ఆ వంశానికి ముందు నుంచీ సంబంధం ఉంది. ఆయన తాత పేరు కూడా రామరాజే. ఆ తాత కందనవోలు కోట గెలిచాడని వాళ్ళ వంశావళి చెప్తుంది. కందనవోలు అంటే ఇప్పటి కర్నూలు. మనవడి చిన్నతనం గురించి పెద్దగా తెలియదు. కుర్రతనంలో గోల్కొండ సుల్తాను కులీ కుతుబ్ షా దగ్గర కొలువు చేశాడనీ, బీజాపూర్ సైన్యం వచ్చినప్పుడు తనకి అప్పగించిన కోట వదిలి వచ్చాడని ఆ సుల్తాను కోపగించి పంపేశాడనీ గోల్కొండ చరిత్ర ఒకటి రాసింది. అక్కడి నుంచి విజయనగరం వచ్చి కృష్ణదేవరాయల కొలువులో చేరాడు. పైకొచ్చాడు. రాయల కూతురు తిరుమలాంబని పెళ్ళి చేసుకున్నాడు. కన్నడంలో అళియ అంటే అల్లుడు. చివరిదాకా ఆయనకి ఆ పేరే నిలిచింది. గెలిచినా, ఏలినా, లోకానికి ఆయన అల్లుడే.

1529లో కృష్ణదేవరాయలు పోయాడు. తమ్ముడు అచ్యుతరాయలు గద్దె ఎక్కాడు. అల్లుడికి ఆశ ఉంది గానీ వంతు రాలేదు. 1542లో అచ్యుతరాయలు పోయాక అసలు గొడవ మొదలైంది. అచ్యుతుడి కొడుకు చిన్నపిల్లవాడు. ఆ పిల్లవాడి మేనమామ సలకరాజు చిన తిరుమలుడు పిల్లవాణ్ణే చంపించి రాజ్యం పట్టాడు. రామరాయలు తన తమ్ముళ్ళు తిరుమల, వేంకటాద్రితో కలిసి అతన్ని ఓడించి, 1543లో సదాశివరాయల్ని గద్దె ఎక్కించాడు. సదాశివుడు అచ్యుతుడి అన్న కొడుకు, రాజవంశం రక్తం. రామరాయలకి ఆ రక్తం లేదు, కాబట్టి కిరీటం సదాశివుడికి, అధికారం రామరాయలకి. కొన్నేళ్ళకి సదాశివుడు కట్టడిలోకి పోయాడు. ఏడాదికి ఒకసారి జనానికి చూపించేవాళ్ళట. అక్కడి నుంచి 1565 దాకా, ఇరవై రెండేళ్ళు, విజయనగరం తరపున ప్రతి ఎత్తూ వేసింది రామరాయలే.

ఆయన ముందున్న బోర్డు ఎలా ఉందో చెప్పాలి. ఉత్తరాన పాత బహమనీ రాజ్యం విరిగి ఐదు ముక్కలైంది. బీజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్, బేరార్. ఈ ఐదింటికీ ఒకదాంతో ఒకదానికి పడదు. కళ్యాణి కోట ఎవరిది, షోలాపూర్ ఎవరిది అని ఎప్పుడూ తగాదాలే. విజయనగరానికి అసలు తగాదా రాయచూరు దోవాబు మీద, అంటే కృష్ణ, తుంగభద్రల మధ్య నేల మీద. ఆ నేలకి సరిగ్గా ఇవతల, తుంగభద్రకి దక్షిణాన ఉన్నది మా ప్రాంతం. ఆదోని, అప్పటి పేరు ఆదవాని, అందుకే సరిహద్దు కోట అయింది. ఈ రోజు ఆదోనిలో ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్ కోసం నిలబడినప్పుడు తుంగభద్ర దిగువ కాలువ గుర్తొస్తుంది. ఆ రోజుల్లో ఆ నది పేరు చెప్తే ఈ ఊరివాళ్ళకి అవతలి ఒడ్డున ఎవరి సైన్యం ఉందో అన్న భయం గుర్తొచ్చేదేమో.

భయం ఊరికే కాదు. ఫెరిష్తా రాసిన చరిత్రలో ఒక సంగతి ఉంది. బీజాపూర్ సుల్తాను ఇబ్రహీం ఆదిల్ షా తన సేనాని అసద్ ఖాన్‌ని ఆదోని మీదికి పంపాడు. కోట దాదాపు లొంగిపోయే స్థితికి వచ్చింది. అప్పుడు రామరాయల తమ్ముడు వేంకటాద్రి పెద్ద సైన్యంతో బయల్దేరి వచ్చాడు. అసద్ ఖాన్ ముట్టడి వదిలి తప్పుకున్నాడు. వేంకటాద్రి వెంటపడ్డాడు. ఒక రాత్రి నిర్లక్ష్యంగా దిగి ఉన్న విజయనగరం దండు మీద అసద్ ఖాన్ మెరుపులా పడ్డాడు. వేంకటాద్రి ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాడు గానీ డేరాలు, ఏనుగులు, భార్యాపిల్లలు శత్రువు చేతికి చిక్కారు. చివరికి రాజీ కుదిరింది. ఆదోని మాత్రం విజయనగరానికే మిగిలింది. కత్తితో కాని పని రాజీతో అయ్యింది.

రామరాయల అసలు బలం కూడా అక్కడే ఉంది. ఆయన ఐదుగురినీ విడివిడిగా చూశాడు. ఎవడు బలపడితే వాడికి ఎదురుగా మిగతావాళ్ళని నిలబెట్టాడు. మొదట బీజాపూర్ పెద్దదిగా ఉంది. అందుకని అహ్మద్‌నగర్ బుర్హాన్ నిజాం షాతో చేతులు కలిపాడు. 1552 నాటికి ఆ స్నేహం వల్ల బుర్హాన్‌కి షోలాపూర్, విజయనగరానికి రాయచూరు, ముద్గల్ వచ్చాయి. తర్వాత అహ్మద్‌నగర్ బలపడింది. ఇప్పుడు రామరాయలు బీజాపూర్ పక్షం. ఇది సరిగ్గా నా ప్లానే. నాకంటే వందరెట్లు బాగా ఆడాడు, అంతే.

గోల్కొండ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అక్కడ జంషీద్ కుతుబ్ షా రాజయ్యాక, తమ్ముడు ఇబ్రహీం ప్రాణభయంతో 1543లో పారిపోయి విజయనగరం చేరాడు. రామరాయలు ఆశ్రయం ఇచ్చాడు. ఏడేళ్ళు అక్కడే ఉన్నాడు. తెలుగు నేర్చాడు, తెలుగు కవిత్వం మీద ఇష్టం పెంచుకున్నాడు. 1550లో జంషీద్ పోతే ఇబ్రహీం వెళ్ళి గోల్కొండ సుల్తాను అయ్యాడు, రామరాయల అండతోనే. మన కవులు ఆయన్ని మల్కిభరాముడు అన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితం ఇచ్చింది ఆయనకే. ఒక పక్క రాజ్యానికి కాబోయే రాజు ఏడేళ్ళు నీ ఇంట్లో అన్నం తిన్నాడంటే, దౌత్యంలో అంతకంటే పెద్ద పెట్టుబడి ఏముంటుంది?

ఖజానా, సరుకు విషయంలో కూడా ఆయన తెలివి తక్కువ కాదు. అప్పటి యుద్ధానికి కావలసిన ముఖ్యమైన సరుకు గుర్రం. మంచి యుద్ధపు గుర్రాలు అరేబియా, పర్షియా వైపు నుంచి ఓడల్లో గోవాకి దిగేవి. గోవా పోర్చుగీసు వాళ్ళది. 1547లో రామరాయల కాలంలో విజయనగరం పోర్చుగీసు గవర్నరుతో ఒప్పందం చేసుకుంది. గోవాకి వచ్చే గుర్రాలు విజయనగరానికే అమ్మాలి, బీజాపూర్‌కి అమ్మకూడదు. సివిలైజేషన్ ఆడేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. గుర్రాలు దొరికే గడి నీ చేతిలో లేకపోతే, దొరికేవాడితో ఒప్పందం పెట్టుకో, శత్రువుకి అందకుండా చూడు. ఒక్క కాగితంతో తనకి సరుకు, పక్కవాడికి కరువు.

లోపల పాలన కూడా ఉంది. నాకు బాగా నచ్చింది క్షురక వృత్తివాళ్ళ పన్ను సంగతి. కొండోజు అనే మంగలి పనితనం చూసి మెచ్చుకుని రామరాయలు వాళ్ళ వృత్తి మీద ఉన్న పన్నులు తీసేయించాడు. ఒక ఊరికి కాదు, రాజ్యంలో చాలాచోట్ల ఈ మాట శాసనాలుగా చెక్కి ఉంది. పన్ను తీసేస్తే ఖజానాకి నష్టం కదా అనుకోవచ్చు. కానీ రోజూ ప్రతి ఇంటి గడప తొక్కే మనిషి నీ గురించి మంచి మాట చెప్తే దాని విలువ ఎంత? సంగీతం మీద కూడా ఆయనకి ఇష్టం. రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రాసింది ఆయన ప్రోత్సాహంతోనే. మనం ఇంటర్‌లో భట్టుమూర్తి అని చదివిన కవి రామరాజభూషణుడుగా పేరుపడ్డాడు.

ఇంకో విషయం. ఆయన సైన్యంలో ముస్లిం సేనానులు, సైనికులు చాలామంది.  ఇది కేవలం హిందూ ముస్లిం యుద్ధం అని చెప్పేవాళ్ళకి ఈ ఒక్క సంగతి సరిపోతుంది. ఇరవై ఏళ్ళు ఆయన స్నేహితులు సుల్తానులు, శత్రువులు సుల్తానులు. పక్షాలు మతాన్ని బట్టి మారలేదు, బలాన్ని బట్టి మారాయి.

మరి ఎక్కడ చెడింది?

1558లో బీజాపూర్‌లో కొత్త సుల్తాను, అలీ ఆదిల్ షా. కుర్రవాడు. అప్పుడే రామరాయల కొడుకు ఒకడు చనిపోయాడు. అలీ కొద్దిమంది రౌతులతో స్వయంగా విజయనగరం వచ్చి పరామర్శించాడు. శత్రువు రాజధానిలోకి అంత ధైర్యంగా వచ్చాడంటే ఎంత నమ్మకం ఉండాలి. రామరాయల భార్య అతన్ని కొడుకుగా దత్తు తీసుకున్నట్టు మాట ఇచ్చింది. కానీ తిరిగి వెళ్ళేరోజు రామరాయలు మర్యాదకి ఊరి బయటి దాకా సాగనంపలేదు. అలీ అది మనసులో పెట్టుకున్నాడని ఫెరిష్తా రాశాడు. కొంచెం దూరం నడిచి ఉంటే పోయేదేముంది?

ఆ తర్వాత అలీ, ఇబ్రహీం కుతుబ్ షాలతో కలిసి రామరాయలు అహ్మద్‌నగర్ మీదికి పోయాడు. హుసేన్ నిజాం షా తట్టుకోలేక సంధి అడిగాడు. షరతుల్లో కళ్యాణి కోట ఇవ్వాలి, రామరాయల డేరాకి స్వయంగా వచ్చి తాంబూలం తీసుకోవాలి అన్నవి ఉన్నాయి. కోట ఇవ్వడం రాజకీయం. ఎదటి రాజుని తన డేరాకి నడిపించి తాంబూలం అందుకోమనడం వేరే. హుసేన్ వచ్చాడు. రామరాయల చెయ్యి తాకాక అక్కడే నీళ్ళు తెప్పించుకుని చెయ్యి కడుక్కున్నాడు. రామరాయలు మండిపడి తనూ నీళ్ళు తెప్పించి కడుక్కున్నాడు. ఇద్దరు రాజులు, రెండు చెంబుల నీళ్ళు. ఫెరిష్తా బీజాపూర్ కొలువులో రాసినవాడు కాబట్టి కొంత పెంచి రాసి ఉండొచ్చు. కానీ ఆ అవమానం మాట మాత్రం దక్కన్ అంతా నిలిచిపోయింది.

1563 నాటికి ఇంకో దండయాత్ర, మళ్ళీ అహ్మద్‌నగర్ మీదికే. ఈసారి ఇబ్రహీం కుతుబ్ షా హుసేన్ వైపు ఉన్నాడు. విజయనగరం దండు గోల్కొండ నేల మీద పడి దోచింది. కోయిలకొండ, పానగల్, ఘనపురం కోటలు ఇబ్రహీం వదులుకోవలసి వచ్చింది. ఏడేళ్ళు అన్నం పెట్టిన చెయ్యే ఇప్పుడు కోటలు లాక్కుంది. అంతటితో ఆగలేదు. పక్కనే నిలబడి సాయం చేసిన అలీ దగ్గర కూడా యాద్గిర్, బాగల్‌కోట తీసుకున్నాడు. శత్రువు దగ్గర తీసుకున్నాడు, స్నేహితుడి దగ్గరా తీసుకున్నాడు. బోర్డు మీద చూస్తే మంచి ఎత్తులే. ప్రతి వంతులో స్కోరు పెరిగింది.

ఇక్కడే నా సీఎస్ బుర్రకి ఒకటి తట్టింది. రామరాయలు నడిపిన పద్ధతిని ప్రోగ్రామ్‌గా రాస్తే మూడు లైన్లు. లిస్టులో అందరికంటే బలవంతుడు ఎవడో వెతుకు. మిగతావాళ్ళని వాడి మీదికి కలుపు. మళ్ళీ మొదటి లైనుకి పో. ఇరవై ఏళ్ళు ఈ లూప్ ఒక్కసారి కూడా తప్పు జవాబు ఇవ్వలేదు. కానీ ఆ లిస్టులో ఐదు పేర్లే ఉన్నాయి. ఆరో పేరు, ఆయనది, లేదు. 1563 తర్వాత అందరికంటే బలవంతుడు ఎవడని వెతికితే వచ్చే జవాబు ఆయనే. అదే ప్రోగ్రామ్‌ని ఆయన పక్కన ఇరవై ఏళ్ళు కూర్చుని చూసినవాళ్ళు నేర్చుకున్నారు. ఇంతకాలం ఆయన వాళ్ళతో ఏం చేశాడో వాళ్ళు ఇప్పుడు ఆయనతో అదే చేశారు.

నేర్చుకున్నవాళ్ళు చకచకా కదిలారు. 1564లో పెళ్ళిళ్ళు కుదిరాయి. హుసేన్ కూతురు చాంద్ బీబీని అలీ ఆదిల్ షాకి ఇచ్చారు. కట్నంగా షోలాపూర్ వచ్చింది. ఏ కోట కోసం తరాలుగా కొట్టుకున్నారో అది పెళ్ళి పళ్ళెంలో చేతులు మారింది. అలీ చెల్లెల్ని హుసేన్ కొడుక్కి ఇచ్చారు. గోల్కొండ ఇబ్రహీం మధ్యవర్తి. బీదర్ కూడా చేరింది. బేరార్ చేరలేదు. అహ్మద్‌నగర్, బీజాపూర్ కలవవు అన్న ఒక్క నమ్మకం మీద రామరాయలు కట్టిందంతా నిలబడింది. ఆ నమ్మకం ఒక పెళ్ళి పందిట్లో పోయింది.

అప్పటికి ఆయనకి ఎనభై ఏళ్ళ వరకు ఉంటాయంటారు. సుల్తానుల దండు తాళికోట దగ్గర చేరి, దొంగ ఎత్తుగడతో కృష్ణ దాటింది. 1565 జనవరి 23న రక్కసగి, తంగడగి ఊర్ల దగ్గర యుద్ధం జరిగింది. ముసలాయన స్వయంగా నడి దండులో నిలబడ్డాడు. మొదట విజయనగరానిదే పైచేయి. అహ్మద్‌నగర్ ఫిరంగులు దెబ్బ కొట్టాయి. రెండేళ్ళ తర్వాత 1567లో హంపి చూసిన ఇటలీ వ్యాపారి సీజర్ ఫ్రెడరిక్, విజయనగరం వైపున్న ఇద్దరు సేనానులు యుద్ధం మధ్యలో పక్షం మార్చారని రాశాడు. గందరగోళంలో ఒక ఏనుగు మీదికి వస్తుంటే బోయీలు పల్లకి వదిలేసి పరుగెత్తారు. రామరాయలు దొరికిపోయాడు. హుసేన్ నిజాం షా ముందుకి తీసుకెళ్ళారు. తాంబూలం అందుకున్న ఆ హుసేనే. తల అక్కడికక్కడే కొట్టించాడు.

వేంకటాద్రి కూడా ఆ యుద్ధంలోనే పోయాడంటారు. తిరుమల మిగిలి, సదాశివరాయల్ని, దొరికినంత ఖజానాని ఏనుగుల మీద వేసుకుని పెనుకొండ వైపు పోయాడు. హంపిని నెలల తరబడి దోచుకున్నారు. ఆదోని నుంచి బళ్ళారి మీదుగా పోతే అదే పూట చేరిపోయే ఊరు అది. స్కూల్లో ఉన్నప్పుడు ఎక్స్‌కర్షన్‌కి పోయి రాతి రథం ముందు గ్రూప్ ఫోటో దిగి వచ్చాం. అప్పుడు ఇవన్నీ ఎవరూ చెప్పలేదు, చెప్పినా మేం వినేవాళ్ళం కాదేమో.

ఇప్పుడు మా ఊరి వంతు. ఆదోని కోట రామరాయల దగ్గర పనిచేసిన ఒక అధికారి చేతిలో ఉంది. కొండ మీద కోట, లోపల నీటి ఊటలు, ఒకదాని చుట్టూ ఒకటి గోడలు. విజయనగరం రాజులు దీన్ని ఎవరూ గెలవలేరని నమ్మి, ఆపద వస్తే తమ కుటుంబాల్ని దాచుకునే చోటుగా చూసుకున్నారట. రామరాయలు పోయాక ఆ అధికారి స్వతంత్రుడయ్యాడు. 1568లో అలీ ఆదిల్ షా సైన్యం వచ్చి ముట్టడించింది. కొన్నిసార్లు బయటికి వచ్చి పోరాడారు. బయటి నుంచి వేంకటాద్రి లాంటివాడు ఎవరూ ఈసారి రాలేదు. తిండి గింజలు అయిపోయాయి. కోట లొంగింది. రామరాయల దండు అహ్మద్‌నగర్ దాకా పోయిన రోజుల్లో ఈ కోట గురించి దిగులు పడినవాళ్ళు ఎవరూ ఉండరు. దూరంగా గెలిచిన ప్రతి కోటా ఒక కొత్త శత్రువుని తెచ్చింది, ఆ శత్రువులందరూ చివరికి వచ్చింది ఇంటి పక్క కోటకి.

ఆ సెలవుల్లో ఒక సాయంత్రం రణమండల కొండ ఎక్కాను. ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని పైన రాళ్ళ మీద కూర్చుంటే ఊరంతా కనిపిస్తుంది. జామియా మసీదు, పత్తి యార్డు షెడ్లు, రైలు పట్టాలు. గేమ్‌లో ఊరు ఓడిపోతే ఏమవుతుంది? రంగు మారుతుంది, అంతే. ఆదోని రంగు ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టాను. 1568లో బీజాపూర్. 1688లో మొఘలులు, ఇంతియాజ్‌గఢ్ అని పేరు కూడా మార్చారు. తర్వాత నిజాం. 1786లో టిప్పు సుల్తాను ముట్టడి. 1800లో ఈస్టిండియా కంపెనీ. ప్రతిసారీ ఎవరో ఒకరి స్కోరు పెరిగింది. కింద ఉన్న నేతగాడికి, రైతుకి ఆ రోజు ఏమైందో ఏ స్కోరు బోర్డూ చెప్పదు. జేజినాయనని అడిగితే, రాజు మారినా మగ్గం ఆగదు, నూలు దొరికితే చాలు అన్నాడు. ఆ నూలు దొరకాలంటే దారులు తెరిచి ఉండాలి. దారులు తెరిచి ఉండాలంటే పక్కవాడితో మాట ఉండాలి. దౌత్యం, ఆర్థికం రెండు వేరే పేజీలని గేమ్‌లో అనుకున్నాను. మగ్గం దగ్గర కూర్చున్న మనిషికి అవి ఒకటే.

రామరాయల్ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ఇరవై రెండేళ్ళు ఐదుగురు సుల్తానుల మధ్య ఒక పెద్ద రాజ్యాన్ని నిలబెట్టడం మామూలు విషయం కాదు. ఆయన తర్వాత అంత బలమైన విజయనగరం మళ్ళీ రాలేదు. ఆయనకి ఎదటివాళ్ళ బలం కొలవడం వచ్చు. తన బలం ఎదటివాళ్ళకి ఎలా కనబడుతోందో కొలవడం మర్చిపోయాడు. ఒక మనిషిని ఊరి బయటి దాకా సాగనంపకపోతే, తాంబూలానికి డేరా దాకా నడిపిస్తే ఏమవుతుందో ఏ లెక్కల్లోనూ రాదు. కానీ అది ఎక్కడో జమ అవుతూనే ఉంటుంది.

సెలవుల తర్వాత హాస్టల్‌కి వచ్చాక చీరాల వాడికి సారీ చెప్పాను. గుర్రాలకి రెట్టింపు ధర తీసుకున్నందుకు కాదు, అందరి ముందు నవ్వినందుకు. వాడు కూడా దాని గురించే బాధపడ్డానన్నాడు, ఊర్లు పోయినందుకు కాదట. బయటికి పోయి టీ తాగాం, డబ్బులు నేనే ఇచ్చా. నవంబరులో కొత్త గేమ్ మొదలుపెట్టాం. ఈసారి నాకో రూల్ ఉంది. పది వంతులకి ఒకసారి ఆగి, అటు పక్క కూర్చున్నవాడి కుర్చీలోంచి నా రాజ్యం ఎలా కనబడుతుందో ఆలోచిస్తాను. నా ఊర్లు ఇప్పటికి ఐదే. మ్యాప్‌లో నాది మూడో స్థానం. ఇంకా ఎవరూ నా మీద యుద్ధం ప్రకటించలేదు.